పర్వాలేదన్న మాట

ఆ లాండ్రీలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మనవాళ్ళందరికీ ఆవిడ దుబాసమ్మే. ఎవరు పెట్టారో కానీ పేరు బాగా అతికింది. ఇక్కడి భాషా, మన భాషా రెండూ వచ్చిన మనిషి. ఒకళ్ళ మాట తీసి ఇంకొకళ్ళ చెవిలో వెయ్యడమే ఆవిడకి సగం ఉద్యోగం.

ఆ భాష ఆవిడ ఏ బడికీ వెళ్ళి నేర్చుకోలేదు. పెళ్ళయి మొగుడి వెంట వచ్చిన కొత్తల్లో, ఆయన డిపోలో బస్సులు కడగడానికి వెళ్ళిపోతే, ఇంట్లో గోడలతో ఎంతసేపని మాట్లాడుతుంది? విసుగొచ్చి వీధి చివర బస్టాపులో కూర్చునేది. అక్కడికి చేరే ముసలమ్మలే ఆవిడకి పంతుళ్ళు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ, కోడళ్ళ మీద చాడీలూ, వాన మీద విసుర్లూ విని విని మాటలు పట్టేసింది. అందుకే ఇప్పటికీ ఆవిడ నోరు విప్పితే డెబ్భై ఏళ్ళ అవ్వ మాట్లాడినట్టుంటుందని సూపర్‌వైజరు నవ్వుతాడు. నవ్వితే నవ్వాడు, ఆ నోటి పుణ్యమానే ఆవిడ ఆవిరిలోంచి బయటపడింది.

ఆవిరంటే మాటలు కాదు. ఊళ్ళో ఉన్న ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఆ లాండ్రీకే వస్తాయి. ఉతికి, పిండిన దుప్పట్లని ఇద్దరిద్దరు ఆడవాళ్ళు చెరో అంచూ పట్టుకుని రోలరు నోటికి అందిస్తారు. రోలరు నిప్పులా కాలుతూ ఉంటుంది. దుప్పటిని లోపలికి లాక్కుని, అవతల వైపు అప్పడంలా చదును చేసి వదిలేస్తుంది. ఆ గదిలో రెండేళ్ళు నిలబడితే మనిషి కూడా అలాగే తయారవుతుంది. దుబాసమ్మ అక్కడ నిలబడింది. తరవాత మాటసాయానికి అక్కరకొస్తుందని సూపర్‌వైజరు ఆవిణ్ణి తనిఖీ బల్ల దగ్గరకి మార్చాడు. మడతపెట్టిన దుప్పట్ల మీద మరకలున్నాయేమో చూడడం పని. కిటికీ, కుర్చీ, తల మీద ఫ్యాను. ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆవిడకి మహారాణినయ్యాననిపించింది.

దుబాసీ పని కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం లాంటిది. కొన్నాళ్ళకి ఆవిడ ఒక ఉపాయం పట్టింది. మాటల అంచులు కత్తిరించడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు "ఆ గేదెని కాస్త కదలమను" అంటే, "కొంచెం తొందరగా కానివ్వమంటున్నారమ్మా" అని చెప్పేది. అవతల మనిషి "వీడి మొహం మండ" అంటే, "సరేనండీ అంటోంది" అని ఇటు తిప్పేది. ఇటు వాళ్ళకీ సంతోషమే, అటు వాళ్ళకీ సంతోషమే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, తన నోటితో రెండూళ్ళని మంచి చేస్తున్నానని ఆవిడకి లోలోపల గర్వం కూడా ఉండేది.

ఆ కత్తిరింపుల్లోనే యూనియన్ మాట కూడా పోయింది. లాండ్రీలో యూనియన్ ఉంది. బాయిలరు దగ్గర పనిచేసే ఇక్కడి పెద్దాయనే దానికి నాయకుడు. మనవాళ్ళు ఆయన్ని చాటుగా బాయిలరు బాబాయ్ అనేవాళ్ళు. మొదట్లో ఆ యూనియన్‌లో బయటినించి వచ్చినవాళ్ళని చేర్చుకునేవాళ్ళు కారు. వీళ్ళొచ్చి మన జీతాలు పడగొడుతున్నారని పాతవాళ్ళ బాధ. బాబాయే వాళ్ళతో పోట్లాడి, "పక్కవాడి చెయ్యి కాలితే మన చెయ్యి చల్లగా ఉంటుందా?" అని అడిగి, తలుపులు తెరిపించాడు. తెరిచినా మనవాళ్ళు వెళ్ళలేదు. ఎందుకంటే, చేరిన వాళ్ళు ఇక్కడ ఉండే పర్మిట్లు ఏమవుతాయో తాను చెప్పలేనని సూపర్‌వైజరు అన్నాడు. ఆ బెదిరింపుని దుబాసమ్మ ముద్దుగా మార్చి, "మనకెందుకమ్మా ఆ గొడవలు, వచ్చిన పని చూసుకుందాం" అని చెప్పింది. సూపర్‌వైజరు చెబితే వినేవాళ్ళో లేదో. సొంత మనిషి సలహా కాబట్టి అందరూ విన్నారు.

ఇక ఆ అమ్మాయి సంగతి.

వచ్చి ఏడాది దాటినా ఆమెని అందరూ కొత్తమ్మాయి అనే పిలిచేవాళ్ళు. దుబాసమ్మ ఉండే మేడలోనే పై అంతస్తులో, ఇంకో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేది. బారెడు జడ. పనిలోకి వచ్చేముందు దాన్ని ముడి చుట్టి టోపీలో కుక్కడానికి నానా తంటాలూ పడేది. "అక్కా, అక్కా" అంటూ దుబాసమ్మ కొంగు పట్టుకుని తిరిగేది. బస్సెక్కడ ఎక్కాలన్నా అక్కే, తలనొప్పికి ఏ మాత్ర కొనాలన్నా అక్కే.

రోలరు ముందు ఒక ఇనప కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే యంత్రం ఠక్కున ఆగిపోవాలి. కానీ అది చెయ్యి తగిలినా ఆగేది, దుప్పటి మడత తగిలినా ఆగేది. అస్తమానూ ఆగితే పని సాగదని ఎవరో దాన్ని చిరిగిన దుప్పటి పేలికతో పైకి కట్టేశారు. ఆ పేలిక అందరికీ కనిపిస్తూనే ఉండేది. సూపర్‌వైజరుకీ కనిపించేది. కిటికీ పక్క కుర్చీలోంచి దుబాసమ్మకీ కనిపించేది.

ఒక మధ్యాహ్నం దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుని కొత్తమ్మాయి కుడి చెయ్యి రోలరు నోట్లోకి పోయింది. అవతలి అంచు పట్టుకున్నావిడ కేక పెట్టి ఎర్ర మీట నొక్కింది. దుబాసమ్మ పరిగెత్తుకుని వెళ్ళేసరికి ఆ పిల్ల కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. పళ్ళు బిగపట్టి ఉంది. ఏడవడం లేదు.

సూపర్‌వైజరు వచ్చాడు. "డాక్టరు దగ్గరకి పంపాలేమో అడుగు" అన్నాడు, దుబాసమ్మ మొహంలోకి చూస్తూ. ఆ సాయంత్రానికే దుప్పట్ల కోసం ఆస్పత్రి బండి రావాలి. ఆ చూపులో ప్రశ్నతోపాటు జవాబు కూడా ఉంది.

"డాక్టరు దగ్గరకి వెళ్తావామ్మా?" అని అడిగింది దుబాసమ్మ.

"పర్వాలేదు లేక్కా" అంది కొత్తమ్మాయి.

మనవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మన దగ్గర మొదటి వద్దు వద్దు కాదు, మొదటి పర్వాలేదు పర్వాలేదు కాదు. ఇంటికొచ్చిన మనిషిని అన్నం తింటావా అంటే వద్దంటాడు, అంతటితో కంచం లోపల పెట్టేస్తామా? ఇంకోసారి అడుగుతాం, చెయ్యి పట్టుకుని అడుగుతాం. దుబాసమ్మకి ఈ సంగతి తల్లి పాలతో వచ్చింది. అయినా ఆవిడ రెండోసారి అడగలేదు. సూపర్‌వైజరు వైపు తిరిగి, "ఏమీ కాలేదట. పని చేస్తానంటోంది" అంది.

ఆ రెండో ముక్క ఆ పిల్ల అననే లేదు.

ఎడమ చేత్తో దుప్పట్లు అందిస్తూ కొత్తమ్మాయి ఆ పూట గడిపింది. మర్నాడు చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చి, "అక్కా, నువ్వు ఒక్క మాట చెప్పవూ" అని బతిమాలింది. "ఇప్పుడేమని చెప్పనే? రెండ్రోజులు ఓర్చుకో, అదే మానుతుంది" అంది దుబాసమ్మ. నిన్న ఏమీ కాలేదని చెప్పిన నోటితోనే ఇవాళ అయిందని ఎలా చెప్పడం? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. చెయ్యి మానలేదు. చీము పట్టింది. జ్వరంతో పిల్ల పనిలోకి రాలేదు. చెప్పకుండా మానేసిందని కంపెనీ ఆమెని తీసేసింది. చెయ్యి ఇంట్లో పొయ్యి దగ్గర కాల్చుకుని ఉంటుందని కూడా అంది.

ఆ పిల్ల ఇక్కడ ఉండే అనుమతి ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం లేకపోతే దేశం వదలాలి. వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, ఆపరేషన్ చెయ్యకపోతే ఇక తెరుచుకోవని డాక్టరు చెప్పాడు. ఆయన దగ్గరకి ఆమెని తీసుకెళ్ళింది బాయిలరు బాబాయే. పై అంతస్తు మెట్లెక్కి, ఒక్క ముక్క భాష తెలియకుండా, జ్వరంతో ఉన్న పిల్లని తన కారులో ఎక్కించుకుని వెళ్ళాడు. సభ్యురాలు కాదుగా అని పాతవాళ్ళు గొణిగితే, "ముందు చెయ్యి, తరవాత చందా" అన్నాడట. యూనియన్ తరఫున కేసు పెట్టించి, విచారణ తేలేదాకా ఆమెని పంపించడానికి వీల్లేదని కాగితం తెప్పించాడు. అదే మేడలో కింది అంతస్తులో ఉన్న దుబాసమ్మ, ఆయన బూట్ల చప్పుడు మెట్ల మీద వినిపించినప్పుడు, తలుపు గడియ వేసుకుని కూర్చుంది.

కొన్నాళ్ళకి బాబాయ్ తనిఖీ బల్ల దగ్గరకి వచ్చాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఏమీ అనకముందే దుబాసమ్మ లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. నాకొక అనుమానం" అన్నాడాయన. "మీ భాషలో నాకు మూడే మాటలొచ్చు. బాగున్నారా, తిన్నారా, పర్వాలేదు. ఈ మూడోది మాత్రం నాకు కొరుకుడు పడటంలేదు. టీ చల్లారిపోయినా అదే అంటారు. బరువు కాలి మీద పడినా అదే అంటారు. ఆ పిల్ల కూడా అదే అన్నానంటోంది. అసలు దానికి అర్థమేమిటి?"

ఆయన గొంతులో తప్పు పట్టడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు మాటలని ఊపిరి పీల్చుకునేది. "ఏముంది, ఏమీ కాలేదని" అని ఏదో గొణిగి, మడతపెట్టి ఉన్న దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

విచారణలో దుబాసమ్మ కంపెనీ తరఫు సాక్షి. దానికి ముందు సూపర్‌వైజరు కూడా వచ్చాడు. "నువ్వు అబద్ధమేమీ ఆడక్కర్లేదు. ఆ రోజు ఆ పిల్ల ఏమందో అదే చెప్పు. పర్వాలేదనే కదా అంది?" అన్నాడు.

అవును, పర్వాలేదనే అంది. అదే చిక్కు. నిజం చెబితే చాలు, ఆ పిల్ల మెడకి ఉరి బిగుస్తుంది.

ఆ పొద్దు మొగుడితో చెప్పుకుంది. ఆయన డిపో నించి తడిసిన ప్యాంటుతో వచ్చి కాళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మనకెందుకే? కుర్చీలో చల్లగా కూర్చుంటున్నావు. మళ్ళీ ఆ ఆవిరిలోకి పోతావా?"

"ఆ పిల్ల నన్ను అక్కా అని పిలుస్తుందండీ."

"పిలుపుదేముంది, నన్ను డిపోలో అందరూ అన్నా అంటారు" అన్నాడు. కాళ్ళు తుడుచుకోవడం ముగించాడు. చివరికి, "ఇంతకీ ఆ రోజు నువ్వేమన్నావో అది నీకు తెలుసుగా. నన్నెందుకడుగుతావు?" అని తువ్వాలు తీగమీద ఆరేశాడు.

విచారణ గది ఇరుకుగా ఉంది. పొడుగు బల్ల, నీళ్ళ జగ్గు, గోడకి ఆనించిన కుర్చీలు. తీర్పు చెప్పే అధికారి కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. కొత్తమ్మాయి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని బాబాయ్ పక్కన కూర్చుంది. యూనియన్ వాళ్ళు తర్జుమాకి వేరే ఒకావిణ్ణి పిలిపించారు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, మన భాషావిడే. ఆ టీచరమ్మని చూసి దుబాసమ్మకి మొదట ఒళ్ళు మండింది. నేనుండగా ఇంకో దుబాసీ ఎందుకని. అంతలోనే ఎందుకో గుర్తొచ్చి తల దించుకుంది.

"మీకు మా భాష వచ్చట కదా. తర్జుమా అవసరమా?" అని అడిగింది అధికారి.

ఇక్కడి భాషలో చెబితే అంచులు తానే కత్తిరించుకోవచ్చు. ఇన్నేళ్ళ అలవాటు, నాలుక దానంతట అదే కత్తిరిస్తుంది.

"నా భాషలోనే చెబుతాను. ఆవిడే మార్చి చెప్పనివ్వండి" అంది.

కంపెనీ తరఫు లాయరు లేచాడు. "ఆ రోజు ఆమె అన్న మాటేమిటి?"

"పర్వాలేదు లేక్కా అంది."

"అంటే దెబ్బేమీ తగల్లేదని, డాక్టరు అక్కర్లేదని. అంతేనా?"

లాయరు అప్పటికే కూర్చోబోతున్నాడు. దుబాసమ్మ అధికారి వైపు తిరిగింది.

"కాదమ్మా. ఎదుటివాళ్ళకి ఇబ్బంది అవుతుందేమోనని అనే మాట అది. చెయ్యి కాలి, పళ్ళు బిగపట్టి ఆ మాటంటే, ఇంకోసారి అడగండి అని అర్థం. మా భాషలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. నాకూ తెలుసు. నేను అడగలేదు. పైగా పని చేస్తానంటోందని చెప్పాను. ఆ మాట ఆ పిల్ల అనలేదు. నేను పుట్టించాను."

"ఎందుకు?"

"ఆయన నా మొహంలోకి చూశారు. ఆయనకి ఏ జవాబు కావాలో తెలిసిపోయింది. నాకు కిటికీ పక్క కుర్చీ ఇచ్చిన మనిషి ఆయన." ఆవిడ అంతటితో ఆగలేదు. "కడ్డీకి పేలిక కట్టి ఉండేది. అదీ నాకు రోజూ కనిపించేది. మర్నాడు చెప్పమని ఆ పిల్ల బతిమాలితే ఓర్చుకోమన్నాను. యూనియన్‌లో చేరద్దని అందరికీ చెప్పిందీ నేనే."

టీచరమ్మ ఒక్కో వాక్యమే అందుకుని అటు చెప్పింది. ఎక్కడా మెత్తన చెయ్యలేదు, ఎక్కడా కారం పెంచలేదు. దుబాసమ్మ తన మాటలు ఇంకొకరి నోటివెంట, తనకి బాగా తెలిసిన ఆ భాషలో వింటూ కూర్చుంది. 'నేను అడగలేదు' అన్న ముక్క అక్కడ ఇంకా చిన్నగా, ఇంకా కరుకుగా ఉంది. అది విన్నప్పుడు ఆవిడకి అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

తీర్పు కొత్తమ్మాయి వైపు వచ్చింది. ఆపరేషన్ ఖర్చు కంపెనీదే, ఉద్యోగం తిరిగివ్వాలి, అనుమతి ఎక్కడికీ పోదు. కడ్డీకి కట్టిన పేలికని బాబాయ్ స్వయంగా కోసి పారేశాడు. దుప్పటి తగిలి యంత్రం ఆగితే ఆగనీ అన్నాడు. దెబ్బ తగిలిన మనిషిని యూనియన్ మనిషి పక్కన లేకుండా ఎవరూ ప్రశ్నలడక్కూడదని, మన భాషకి కంపెనీ జీతగాళ్ళు కాక బయటి దుబాసీ రావాలని రాయించుకున్నాడు. అప్పటినించీ ఎవరి వేలికి చిన్న గీత పడినా ఆయన పరిగెత్తుకొచ్చి, వచ్చీరాని మాటలతో "పర్వాలేదా? పర్వాలేదా? పర్వాలేదా?" అని మూడుసార్లు అడుగుతాడు. ఆడవాళ్ళు నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వుతూనే ఒకరి తరవాత ఒకరు యూనియన్‌లో చేరారు. అడగందే అమ్మయినా పెట్టదు, అడగకుండా వచ్చినవాడు ఈయనొక్కడేనని చెప్పుకున్నారు.

దుబాసమ్మ కుర్చీ మర్నాడే పోయింది. మళ్ళీ రోలరు దగ్గర నిలబడింది. బాబాయ్ దాని మీదా పోట్లాడతానన్నాడు కానీ ఆవిడే వద్దంది. మొదటిసారీ వద్దంది, మూడోసారీ వద్దంది. చుట్టూ ఉన్నవాళ్ళు "నీ ధైర్యం వల్లే కదా ఆ పిల్ల నిలబడింది" అని మెచ్చుకున్నప్పుడల్లా ఆవిడకి చెంప మీద కొట్టినట్టుండేది. నిప్పు పెట్టినవాళ్ళే నీళ్ళు పోశారని మెచ్చుకుంటే ఎలా ఉంటుంది?

ఆపరేషనయ్యాక కొత్తమ్మాయి వేళ్ళు సగమే తెరుచుకున్నాయి. సంచులకి చీటీలు అంటించే తేలిక పని ఇచ్చారు. ఒకే మేడలో ఉంటూ, ఒకే బస్సులో వెళుతూ, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, డ్యూటీకి వెళ్ళేముందు, దుబాసమ్మ మెట్లెక్కి పై గది తలుపు తట్టింది.

కొత్తమ్మాయి అద్దం ముందు నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. గదిలో మిగతా ఇద్దరూ అప్పటికే వెళ్ళిపోయారు.

"నీకు అన్యాయం చేశాను" అంది దుబాసమ్మ గుమ్మంలోనే నిలబడి. వారాల తరబడి కూడబెట్టుకున్న మాటల్లో అదొక్కటే మిగిలింది.

"పర్వాలేదు లేక్కా."

ఇన్నాళ్ళకి ఆ మాటని దుబాసమ్మ సరిగ్గా విన్నది. లోపలికొచ్చింది.

"నిజం చెప్పు."

"పర్వాలేదన్నాగా."

"మళ్ళీ అడుగుతున్నానే. చెప్పు."

కొత్తమ్మాయి ముడుచుకున్న వేళ్ళ వైపు చూసుకుంది. "నొప్పిగా ఉందక్కా. చలికి ఇంకా లాగుతుంది. జడ వేసుకోలేకపోతున్నాను. రోజూ ఆ ఇద్దర్నీ బతిమాలుకోలేక కత్తిరించేసుకుందామనుకుంటున్నాను."

దుబాసమ్మ దువ్వెన కోసం చెయ్యి చాపింది. ఆ పిల్ల ఎడమ చేత్తో దాన్ని అందించి, మంచం అంచున కూర్చుని వీపు తిప్పింది. దుబాసమ్మ చిక్కు తీసింది. పాయలు విడదీసింది. జడ సగం దాకా అల్లాక, వెనక్కి తిరక్కుండానే కొత్తమ్మాయి అడిగింది.

"ఆ రోజు ఇంకొక్కసారి ఎందుకడగలేదక్కా?"

సూపర్‌వైజరు చూపు, కిటికీ పక్క కుర్చీ — అధికారి అడిగితే చెప్పిన కారణాలన్నీ నోటిదాకా వచ్చాయి. ఈ పిల్లకి చెప్పడానికి ఒక్కటీ పనికిరాలేదు. ముందు మన భాషలో వెతుక్కుంది, తరవాత ఆ భాషలో వెతుక్కుంది. మూడు పాయలూ చేతిలో అలాగే ఉండిపోయాయి.

"కానివ్వక్కా" అంది కొత్తమ్మాయి, "బస్సుకి వేళవుతోంది."